పెద్దవాళ్ళు భయపడకుండా వాడుకునే యాప్ ఎలా డిజైన్ చేయాలి

మీ టేబుల్ మీదున్న ఫోనులో యాప్ ఎంత బాగా కనిపించినా అప్పుడే నమ్మకండి. డిజైన్ చేసేవాళ్ళ ఫోన్లు కొత్తవి. స్క్రీన్ పెద్దది, వెలుగు ఎక్కువ. అరవై అయిదు దాటినవాళ్ళ చేతిలో ఉండేది చాలా ఇళ్ళలో కొడుకో కూతురో కొత్తది కొనుక్కుని ఇచ్చేసిన పాత ఫోను. దాని మీద అతికించిన గ్లాసు ఒక మూల చిట్లి ఉంటుంది. పుస్తకంలా తెరిచి మూసే కవరు ఉంటుంది. ఛార్జింగ్ తొందరగా అయిపోకూడదని వెలుగు తగ్గించి ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చిన పూల బొమ్మలతో, దేవుడి వీడియోలతో మెమరీ నిండిపోయి యాప్ తెరుచుకోవడానికే చాలాసేపు పడుతుంది. అలాంటి ఫోను ఒకటి సంపాదించండి. వెలుగు సగానికి తగ్గించి, అక్షరాల సైజు చివరిదాకా పెంచి, వరండాలోకి వెళ్ళి మీ యాప్ తెరవండి. అక్కడ కనిపించేదాన్ని బట్టి పని మొదలుపెట్టండి.

నేను హైదరాబాదులో ఉంటూ యాప్‌లకి స్క్రీన్లు డిజైన్ చేస్తాను. కరెంటు బిల్లు కట్టడం, డబ్బు పంపడం, మందులు తెప్పించుకోవడం, పెన్షనుదారుల పనులు, ఎక్కువగా ఇవే. చేసినవి సరిగ్గా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి మా తెనాలి వైపు, ఇక్కడ ఉప్పల్, మల్కాజిగిరి ఇళ్ళలో పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు ఫోను వాడుతుంటే చూస్తాను. అక్షరాలు పెద్దవి చేస్తే చాలని అందరూ అనుకుంటారు. అవి పెద్దవి చేయాల్సిందే. కానీ చాలాసార్లు వేలు బటన్ పైన గాల్లో ఆగిపోయేది కనబడక కాదు, భయం వల్ల. "ఇది నొక్కితే డబ్బులు పోతాయేమోనమ్మా" అన్న మాట ఎన్ని ఇళ్ళలో విన్నానో. జీవితమంతా బ్యాంకులో లెక్కలు చూసి రిటైరైనావిడ కూడా అదే అంటుంది. నొక్కితే ఏమవుతుందో చెప్పని స్క్రీన్ ముందు ఆగడం తెలివైన పనే. ఆగే అవసరం లేకుండా చేయడం మన పని. అందుకే అక్షరాల కంటే ముందు ఆ భయం సంగతి చెబుతాను.

నొక్కితే ఏమవుతుందో ముందే చెప్పండి

డబ్బు పంపే పనినే తీసుకుందాం. బటన్ మీద "కొనసాగించు" అని ఉంటే, ఆ నొక్కుతో డబ్బు వెళ్ళిపోతుందా, ఇంకో పేజీ వస్తుందా అన్నది తెలియదు. అలవాటైనవాళ్ళకి ఫరవాలేదు, పెద్దవాళ్ళు మాత్రం అక్కడే ఆగుతారు. అందుకని నేను డబ్బు కదలని ప్రతి బటన్ కిందా "ఇప్పుడే డబ్బు వెళ్ళదు" అని ఒక లైను పెడతాను. ఈ ఒక్క లైనుకి వచ్చినంత ఫలితం నేను చేసిన ఏ పెద్ద మార్పుకీ రాలేదు. డబ్బు నిజంగా కదిలే బటన్ మీద మాత్రం పేరు, మొత్తం రెండూ ఉండాలి: "సుబ్బలక్ష్మికి ₹5,000 పంపు". అప్పుడు బటన్ చదివితే చాలు, ఏం జరగబోతోందో తెలిసిపోతుంది.

మొత్తాన్ని అంకెల కింద అక్షరాల్లో కూడా చూపించండి: "అయిదు వేల రూపాయలు". ఈ తరం వాళ్ళలో చాలామందికి చెక్కు మీద రెండు రకాలుగా రాసిన అలవాటు ఉంది. ఒక సున్నా ఎక్కువ పడితే అంకెల్లో కళ్ళు పట్టుకోలేవు, "యాభై వేలు" అన్న మాటని మాత్రం వెంటనే పట్టుకుంటాయి. కామాలు మన పద్ధతిలోనే ఉండాలి, 1,00,000 అని. విదేశీ పద్ధతిలో 100,000 అని వస్తే లక్షో పదివేలో తేల్చుకోలేక మొదట్నించి లెక్కపెట్టుకోవాలి.

నొక్కిన తర్వాత వచ్చే పేజీ ఇంకా ముఖ్యం. మూడే మూడు జవాబులు ఉంటాయి: "డబ్బు వెళ్ళింది", "డబ్బు వెళ్ళలేదు", "ఇంకా తేలలేదు". మొదటి రెండూ చూడ్డానికి దాదాపు ఒకేలా ఉన్నాయి కాబట్టి ఒక్క మాట మీదే ఆధారపడకండి. గుర్తు వేరుగా ఉండాలి, రంగు వేరుగా ఉండాలి, పేజీ అమరిక కూడా వేరుగా ఉండాలి. అందరికీ టెన్షన్ పెట్టేది మూడోది. చక్రం తిరుగుతూ ఉంటుంది, అంతే. ఆ టైములో చాలామంది వెనక్కి వచ్చి రెండోసారి పంపేస్తారు. "మళ్ళీ పంపకండి. డబ్బు ఎక్కడికీ పోదు" అని పెద్ద అక్షరాలతో రాయండి. ఎందుకు పోదో కూడా చెప్పవచ్చు. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం ప్రకారం, యూపీఐలో ఒకరికి పంపిన డబ్బు మన ఖాతాలో కట్ అయి అవతలివాళ్ళకి చేరకపోతే, మర్నాటిలోగా దానంతట అది తిరిగి రావాలి. దుకాణానికి కట్టినదైతే 5 రోజుల్లోగా రావాలి. గడువు దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున నష్టపరిహారం ఇవ్వాలి. ఈ నియమం చాలామందికి తెలియదు. యాప్ ఆ పేజీలోనే "చేరకపోతే రేపటిలోగా తిరిగి వస్తుంది, తేదీ ఫలానా" అని చెబితే ఆ రాత్రి ఒక ఇంట్లో పెద్దాయన ప్రశాంతంగా పడుకుంటాడు.

కింద ఒక పట్టీలా కనిపించి మాయమైపోయే సందేశాలు ఉంటాయి కదా, వాటిలో ముఖ్యమైనదేదీ పెట్టకండి. ఆండ్రాయిడ్‌లో టోస్ట్ అనే ఆ పట్టీ పొట్టిదైతే 2 సెకన్లు, పొడుగుదైతే మూడున్నర సెకన్లు ఉంటుంది. కళ్ళద్దాలు సర్దుకుని చదవడం మొదలుపెట్టేలోగా అది పోతుంది. ఏదో వచ్చింది, ఏదో పోయింది, ఏమిటో తెలియదు. దానికంటే ఏమీ రాకపోవడమే మేలు. ముఖ్యమైన మాట స్క్రీన్ మీద నిలబడి ఉండాలి, వాళ్ళు "సరే" నొక్కినప్పుడే పోవాలి. ఇలాంటి సందేశాలు ఎక్కువసేపు ఉండాలని కోరుకునే సెట్టింగు ఆండ్రాయిడ్ 10 నుంచీ ఉంది. దాన్ని మీ యాప్ గౌరవిస్తుందో లేదో ప్రోగ్రామరుని అడగండి.

వెనక్కి వెళ్ళే దారి ప్రతి పేజీలో ఒకే చోట, పైన ఎడమవైపు, బాణంతో పాటు "వెనక్కి" అన్న మాటతో ఉండాలి. ఫోను అంచు నుంచి వేలితో తోస్తే వెనక్కి వస్తుందన్న నమ్మకంతో మీరు ఆ బాణం తీసేయకండి. అంచు నుంచి తోయడం ఎవరూ కనిపెట్టలేరు, ఎవరో నేర్పాలి. నేర్పినా కవరు అంచు అడ్డం వస్తుంది.

తెలుగు అక్షరాలకి చోటు ఇవ్వండి

నలభై దాటాక చత్వారం అందరికీ వస్తుంది. దగ్గరివి మసకగా కనిపిస్తాయి. అరవై దాటాక చాలామందికి దానికి శుక్లం తోడవుతుంది, కంటిలోకి వెళ్ళే వెలుగు తగ్గుతుంది. ఇవి ఏ భాష వాళ్ళకైనా ఒకటే. తెలుగుకి మాత్రం సొంత ఇబ్బంది ఇంకొకటి ఉంది. ఇంగ్లీషు కోసం గీసిన డబ్బాలో తెలుగు పోస్తారు. మన అక్షరానికి పైన గుడి, ఏత్వం ఉంటాయి, కింద ఒత్తులు ఉంటాయి. "స్త్రీ", "రాష్ట్రం", "జ్యోత్స్న" లాంటి మాటలకి కింద రెండంతస్తులు కావాలి. ఇంగ్లీషుకి సరిపోయే లైన్ల దూరంలో ఇవి పెడితే పై లైను ఒత్తులు కింది లైను గుళ్ళలోకి దిగుతాయి, లేదా ఒత్తు సగానికి తెగిపోతుంది. లైనుకీ లైనుకీ మధ్య దూరం అక్షరం సైజుకి కనీసం ఒకటిన్నర రెట్లు, వీలైతే 1.6 రెట్లు పెట్టండి. మీ ప్రోగ్రామరు ఫాంట్ చుట్టూ ఉండే ఖాళీని తీసేసే ఆప్షన్ వాడారేమో చూడండి. ఇంగ్లీషులో బటన్ చక్కగా కుదరాలని అలా చేస్తారు, అది తెలుగు ఒత్తులని కోసేస్తుంది. తెలుగు లాంటి ఎత్తైన లిపులని కుదించి చూపించే పాత అలవాటుని ఆండ్రాయిడ్ 15 కోసం తయారయ్యే యాప్‌లలో గూగుల్ మానిపించింది. అంటే ఇదివరకు ఎత్తు కొలిచి గీసిన డబ్బాలు ఇప్పుడు చాలకపోవచ్చు. మళ్ళీ చూసుకోవాలి.

సైజు విషయంలో నేను తెలుగు మామూలు రాతకి 18 ఎస్పీ నుంచి మొదలుపెడతాను. ఎస్పీ అంటే ఫోను సెట్టింగ్సులో అక్షరాల సైజు పెంచితే దానితో పాటు పెరిగే కొలత. డీపీ అనే ఇంకో కొలతలో రాస్తే పెరగదు. పెద్దవాళ్ళ ఫోనులో ఎవరో ఒకరు ఆ సెట్టింగు పెంచే ఉంటారు, దాన్ని పట్టించుకోని యాప్ వాళ్ళని అవమానించినట్టే. ఆండ్రాయిడ్ 14 నుంచి 200 శాతం దాకా పెంచుకోవచ్చు. అంత పెంచి ప్రతి పేజీ చూడండి. పక్కపక్కన పెట్టిన రెండు బటన్లు అప్పుడు పట్టవు, ఒకదాని కింద ఒకటి రావాలి. ధ నుంచి థని వేరుచేసే పొట్టలోని చుక్క, బ, భ మధ్య తేడా చిన్న సైజులో కనబడవు. నకిలీ బోల్డ్ చేస్తే, అంటే బోల్డ్ లేని ఫాంట్‌ని సిస్టం బలవంతంగా లావు చేస్తే, ఆ పొట్టలన్నీ పూడిపోతాయి. నిజమైన బోల్డ్ ఉన్న నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ వాడండి. బోల్డ్ అక్కర్లేని చోట మండలి ఫాంట్ కూడా చదవడానికి హాయిగా ఉంటుంది. అలంకారంగా ఉండే తెలుగు ఫాంట్లు పెళ్ళి శుభలేఖకి బాగుంటాయి, బిల్లు కట్టే పేజీకి వద్దు.

ఇక వాక్యం చివర మూడు చుక్కలు పెట్టి కత్తిరించే అలవాటు. తెలుగులో ఇది ప్రమాదం. మన క్రియ, కాదు, లేదు అన్నీ వాక్యం చివర వస్తాయి. "మీ కరెంటు బిల్లు చెల్లింపు పూర్తి కాలేదు" అనే నోటిఫికేషన్‌ని చోటు చాలక కత్తిరిస్తే "మీ కరెంటు బిల్లు చెల్లింపు పూర్తి…" అని మిగులుతుంది. చదివినావిడ బిల్లు అయిపోయిందనుకుని ఫోను పక్కన పెడుతుంది. అందుకని ఫలితం ముందు రాయండి: "కట్టలేదు: కరెంటు బిల్లు, ₹840". వీలైనచోటల్లా కత్తిరించకుండా రెండో లైనులోకి పోనివ్వండి.

బటన్ల మీద మాటలు ఇంట్లో వాడేవి రాయండి. బ్యాలెన్స్, రీచార్జి, ఓటీపీ, అకౌంటు అని అందరూ అంటారు, అవే ఉండనివ్వండి. ఇంగ్లీషు యాప్‌ని మెషీన్‌తో తెలుగు చేసి పెట్టినవి చదవలేక పెద్దవాళ్ళే మళ్ళీ ఇంగ్లీషుకి మార్చేసుకుంటారు. ఇంగ్లీషు సరిగ్గా రానివాళ్ళు కూడా. అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

రంగూ, చప్పుడూ

వెబ్ కంటెంట్ యాక్సెసిబిలిటీ గైడ్‌లైన్స్ అని ప్రపంచమంతా పాటించే నియమావళి ఉంది. దాని 2.2 వెర్షన్ 2023 అక్టోబరులో వచ్చింది. అక్షరానికీ వెనక నేలకీ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, మామూలు రాతకి కనీసం 4.5 రెట్లు ఉండాలని అందులో ఉంది. తెలుపు మీద 767676 అనే కోడ్ ఉన్న బూడిదరంగు సరిగ్గా ఆ హద్దు దగ్గర నిలుస్తుంది. శుక్లం ఉన్న కంటికి ఆ హద్దు చాలదు. 7 రెట్లు పెట్టుకోండి, అంటే 595959 లేదా ఇంకా ముదురు. డబ్బాల్లో లేత బూడిదరంగులో రాసే "ఇక్కడ పేరు రాయండి" లాంటి సూచనలకి కూడా ఇదే వర్తిస్తుంది. వయసుతో కంటి కటకం పసుపు తిరుగుతుంది కాబట్టి నీలం, ఊదా కలిసిపోతాయి. లింకుని నీలంతో మాత్రమే చూపించకండి. నలుపు నేల మీద తెల్ల అక్షరాలు కొందరికి హాయి, కొందరికి అలుక్కుపోయినట్టు ఉంటాయి. ఎవరిది వాళ్ళు ఎంచుకోనివ్వండి.

వినికిడి తగ్గేటప్పుడు ముందు సన్నటి కీచు చప్పుళ్ళు పోతాయి. కాబట్టి హెచ్చరిక చప్పుడు గంభీరంగా ఉండాలి, దానితో పాటు ఫోను అదరాలి.

వేళ్ళు

పెద్దవాళ్ళు ఎడమచేత్తో ఫోను పట్టుకుని కుడిచేతి చూపుడు వేలితో నొక్కుతారు. బొటనవేలితో వాడేవాళ్ళు తక్కువ. దీన్ని బట్టి రెండు విషయాలు గమనించండి. ఎడమ అంచున అరచేయి తగులుతూ ఉంటుంది, అక్కడ డిలీట్ లాంటివి పెట్టకండి. వేలు పైనుంచి నిటారుగా వస్తుంది కాబట్టి వేలి కింద ఏముందో వాళ్ళకి కనబడదు. బటన్ వేలి కంటే పెద్దదిగా ఉండాలి.

గూగుల్ కనీసం 48 డీపీ అంటుంది, ఆపిల్ 44 పాయింట్లు అంటుంది. 48 డీపీ అంటే లెక్క ప్రకారం ముప్పావు సెంటీమీటరు. వణుకున్న చేతికి అది చాలదు. నేను ముఖ్యమైన బటన్లకి 64 డీపీ, అంటే సుమారు ఒక సెంటీమీటరు ఎత్తు పెడతాను. బటన్ల మధ్య ఖాళీ కూడా ఇస్తాను. "పంపు", "వద్దు" రెండూ ఆనుకుని ఉంటే ఎంత పెద్దవైనా లాభం లేదు.

వయసుతో వేలి చర్మం పొడిబారుతుంది. పొడి వేలిని టచ్‌స్క్రీన్ సరిగ్గా పట్టుకోదు. షుగరు ఎక్కువకాలంగా ఉన్నవాళ్ళకి వేలి కొసల్లో స్పర్శ తగ్గి, నొక్కారో లేదో వాళ్ళకే తెలియదు. దాంతో గట్టిగా, ఎక్కువసేపు నొక్కుతారు. మన యాప్ దాన్ని "నొక్కి పట్టుకోవడం" అనుకుని ఇంకేదో తెరుస్తుంది. నా సలహా: నొక్కి పట్టుకోవడం మీద ఏ పనీ పెట్టకండి. రెండుసార్లు గబగబా నొక్కడం, వేలితో పక్కకి తోయడం, రెండు వేళ్ళతో లాగడం, ఇవి ఉంటే ఉండనివ్వండి. కానీ అదే పని చేసే మామూలు బటన్ కనబడేలా ఉండాలి. లాగాల్సిన ప్రతిదానికీ నొక్కి చేసే దారి ఉండాలని పైన చెప్పిన 2.2 నియమాల్లోనూ ఉంది. వేలు ఆనగానే బటన్ రంగు మారాలి, చిన్నగా అదరాలి. ఒకే బటన్ వెంటవెంటనే రెండుసార్లు పడితే రెండోది పట్టించుకోకూడదు. ముఖ్యంగా డబ్బు దగ్గర.

వేలిముద్రలు అరిగిపోవడం కూడా ఇలాంటిదే. పొలం పని, గిన్నెలు తోమడం చేసిన చేతులకి వేలిముద్ర తాళం చాలాసార్లు తెరుచుకోదు. ఇంకో దారి తప్పకుండా పెట్టండి. పెన్షనుదారుల లైఫ్ సర్టిఫికెట్‌కి, అంటే జీవన్ ప్రమాణ్‌కి, 2021 నుంచి ముఖంతో గుర్తించే పద్ధతి తెచ్చారు. వేలిముద్ర పడక ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్ళకి అది పెద్ద ఊరట. అయితే ముఖం చూపించే పేజీ గీసేటప్పుడు ఒకటి ఆలోచించాలి. ఆ టైములో చదివే కళ్ళద్దాలు తీసేసి ఉండవచ్చు. "కళ్ళు ఆర్పండి", "ఇంకొంచెం దగ్గరికి రండి" అని స్క్రీన్ మీద రాస్తే ఎవరు చదువుతారు? గొంతుతో చెప్పాలి, తెలుగులో, నెమ్మదిగా.

ఫారాలు

పుట్టినతేదీకి క్యాలెండరు తెరిచి ఈ నెల చూపిస్తే, 1949కి వెళ్ళడానికి ఎన్నిసార్లు వెనక్కి తోయాలి? తేదీ, నెల, సంవత్సరం మూడు డబ్బాలు ఇచ్చి అంకెల కీబోర్డు తెరవండి. కొందరి ఆధార్ కార్డు మీద పుట్టిన సంవత్సరం ఒక్కటే ఉంటుంది. తేదీ తప్పనిసరి అంటే వాళ్ళు అక్కడే ఆగిపోతారు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని విడదీయకండి. మన ఇంటిపేరు ముందు వస్తుంది, ఒకచోట పొట్టి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటుంది. "పేరు (పాస్‌బుక్కులో ఉన్నట్టే)" అని ఒకే డబ్బా చాలు.

ఓటీపీని ఫోనులోకి వచ్చిన మెసేజి నుంచి యాప్ తనే తీసుకోవాలి. ఆరు అంకెలు చూడ్డానికి మెసేజిల్లోకి వెళ్ళి, గుర్తుపెట్టుకుని, తిరిగి వచ్చేసరికి యాప్ మొదటి పేజీలో ఉంటే ఆ రోజుకి ఆ పని ఆగిపోయినట్టే. 30 సెకన్లు తగ్గుతూ పోయే అంకెలు చూపించి కంగారు పెట్టకండి. ఫోను నంబరు అయిదు, అయిదుగా విడగొట్టి చూపించండి. తెలుగు టైపు చేయడం చాలామందికి కష్టం కాబట్టి మందు పేరు, అడ్రసు లాంటి చోట్ల మైకు గుర్తు పెద్దదిగా పెట్టి, కింద "మాట్లాడండి" అని రాయండి. వాట్సాప్‌లో మనవళ్ళకి గొంతు మెసేజిలు పంపడం చాలామందికి వచ్చు, ఆ అలవాటు ఇక్కడ పనికొస్తుంది.

ఫోనులో చెప్పగలగాలి

తెలుగు ఇళ్ళలో పెద్దవాళ్ళ ఫోను సమస్యలు ఎక్కువగా తీర్చేది దూరంగా ఉన్న పిల్లలు. డల్లాస్‌లోనో బెంగళూరులోనో ఉన్న కూతురు ఫోను చేసి, "అమ్మా, ఇప్పుడు కింద ఏముందో చదువు" అంటుంది. మీ స్క్రీన్ ఆ మాటల్లో ఇమడాలి. గుర్తు మాత్రమే ఉండి పేరు లేని బటన్‌ని ఫోనులో చెప్పడం కుదరదు. "పైన మూడు గీతలున్నాయి చూడు" అంటే, "ఎక్కడే, నాకు మూడు చుక్కలు కనిపిస్తున్నాయి" అంటారు. ప్రతి గుర్తు కిందా మాట రాయండి. ఒకే పేజీలో ఒకే పేరుతో రెండు బటన్లు ఉండకూడదు. పేజీ పైన "3లో 2వ మెట్టు" అని ఉంటే, అవతలివాళ్ళకి తాము ఎక్కడ ఉన్నదీ ఒక్క ముక్కలో చెప్పగలరు.

దీనికి నేను వాడే పరీక్ష సులువైనది. ఇద్దరు సహోద్యోగులని వేరువేరు గదుల్లో కూర్చోపెట్టండి. ఒకరి దగ్గర యాప్ ఉంటుంది, ఇంకొకరి దగ్గర ఏమీ ఉండదు. ఫోనులో మాటలతోనే బిల్లు కట్టించాలి. ఎక్కడ "అది కాదు, దాని పక్కది" అన్న మాట వస్తుందో అక్కడ మీ డిజైన్ మార్చాలి. ఇంకొకటి కూడా చూడండి. వాట్సాప్ వీడియో కాల్‌లో ఉండి మీ యాప్ తెరిస్తే, మాట్లాడేవాళ్ళ బొమ్మ చిన్న డబ్బాగా స్క్రీన్ మూల మీద కూర్చుంటుంది. మీ ముఖ్యమైన బటన్ దాని కింద పడిందంటే అమ్మకి అది లేనట్టే.

చాలామంది పెద్దవాళ్ళు మెట్లు నోటుబుక్కులో రాసుకుంటారు. తెనాలిలో ఒక రిటైర్డు మాస్టారు గ్యాస్ బుకింగ్ వరస ఎర్ర పెన్నుతో, తప్పొస్తే ఏం చేయాలో నీలం పెన్నుతో రాసుకున్నారు. అది చూశాక నేను డిజైన్ పూర్తవగానే ఆ మెట్లు నేనే ఒక కాగితం మీద రాయడం మొదలుపెట్టాను. ఒక పేజీలో పట్టకపోతే డిజైన్ ఇంకా తగ్గించాలి. మధ్యలో ప్రకటన పేజీ ఒక్కటి వచ్చినా ఆ నోటుబుక్కు వరస తప్పిపోతుంది. అందుకే పని మధ్యలో ప్రకటనలు వద్దని నేను గట్టిగా పోట్లాడతాను.

మోసగాళ్ళ విషయం

యూపీఐలో పిన్ కొట్టే పేజీ మన చేతిలో ఉండదు, అది యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఇచ్చేది. దాని ముందు పేజీ మనదే. అక్కడ రాయండి: "పిన్ కొడితే మీ డబ్బు బయటికి వెళ్తుంది. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు." రీఫండ్ ఇస్తామని పిన్ కొట్టించే మోసం ఈ ఒక్క మాట తెలియక జరుగుతుంది. ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ, ఇంతకుముందెన్నడూ పంపని ఖాతాకి పెద్ద మొత్తం పంపుతుంటే, యాప్ ఆగి అడగాలి: "ఫోనులో ఎవరైనా చెప్పి పంపిస్తున్నారా?" కింద రెండు బటన్లు, "అవును, ఆపు", "కాదు, నేనే పంపుతున్నాను". డిజిటల్ అరెస్ట్ పేరుతో గంటల తరబడి ఫోను పెట్టేయనివ్వకుండా బెదిరిస్తున్న రోజులివి. ఆ కాసేపు ఆగడం వల్ల ఎవరికీ నష్టం లేదు. సైబర్ మోసాలకి 1930 నంబరు నేరుగా కలిసేలా బటన్ ఉండాలి, సహాయం పేజీ అడుగున దాచకండి.

హెచ్చరికలు అన్నిచోట్లా పెడితే ఎవరూ చదవరు. నిజంగా ప్రమాదం ఉన్నచోట మాత్రమే పెట్టండి.

పక్కన కూర్చుని చూడటం

ఆఫీసుకి పిలిపించకండి. వాళ్ళింటికి వెళ్ళండి. పొద్దున టిఫిన్లు అయి, వంట మొదలుకాకముందు మంచి టైము. వాళ్ళ ఫోనులోనే చేయించండి. ఎదురుగా కూర్చుంటే ఇంటర్వ్యూలా ఉంటుంది, పక్కన కూర్చోండి.

మొదట చెప్పాల్సిన మాట: "పిన్నిగారూ, నేను చేసిన యాప్ సరిగ్గా ఉందో లేదో మీరు చూసి చెప్పాలి. మీకేం పరీక్ష లేదు." ఇలా చెప్పినా తప్పు జరిగినప్పుడల్లా "నాకు రాదమ్మా ఇవన్నీ" అంటారు. అలా అన్న ప్రతిచోటా మీ నోట్సులో ఒక గుర్తు పెట్టుకోండి, అది యాప్ తప్పు. బాగుందా అని అడగకండి. ఇంటికి వచ్చినపిల్లని నొప్పించడం ఇష్టంలేక బాగుందనే అంటారు. పని ఇవ్వండి: "మీ అబ్బాయికి ఒక్క రూపాయి పంపండి." నిజమైన రూపాయే పంపించండి. ఉత్తుత్తి డబ్బుతో అసలు భయం బయటికి రాదు.

వాళ్ళ చేతిలోంచి ఫోను తీసుకోకండి. ఎంత ఆలస్యమైనా సరే. ఇంట్లో మనవడు ఉంటే "ఇలా ఇవ్వు తాతయ్యా" అని లాక్కుంటాడు, అతన్ని ముందే మంచి మాటలు చెప్పి పక్క గదికి పంపించండి. వేలు ఎక్కడ గాల్లో ఆగిందో, ఎక్కడ మిమ్మల్ని చూశారో, ఏ మాట పైకి చదివారో రాసుకోండి. ఒక వారం తర్వాత మళ్ళీ వెళ్ళి అదే పని చేయమనండి. మొదటిసారి మీ సాయంతో చేసింది రెండోసారి ఒంటరిగా చేయగలిగితేనే ఆ స్క్రీన్ పాసైనట్టు. శుక్లం ఆపరేషన్ కానివాళ్ళు, షుగరు ఉన్నవాళ్ళు, చేయి వణికేవాళ్ళు, తెలుగు మాత్రమే చదివేవాళ్ళు, అసలు చదవడం రానివాళ్ళు అందరూ ఉండేలా చూసుకోండి. రిటైర్డు ఉద్యోగులనే చూసి వస్తే సగం సంగతే తెలుస్తుంది.

విడుదలయ్యాక

పెద్దవాళ్ళకి వేరే మోడ్ పెట్టి అందులో నాలుగు పెద్ద బటన్లు పెడదాం అని ఆఫీసులో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఐఫోన్‌లో 2023లో వచ్చిన అసిస్టివ్ యాక్సెస్ లాంటివి కొందరికి నిజంగా అవసరం. కానీ మామూలు పెద్దవాళ్ళలో చాలామంది "ముసలివాళ్ళ మోడ్" పెట్టుకోవడానికి ఒప్పుకోరు, అది ఎక్కడుందో కూడా కనుక్కోలేరు. అసలు యాప్‌నే బాగు చేయండి.

బటన్ల చోటు మార్చకండి. కొత్త వెర్షన్ సగంమందికి ఒకలా, సగంమందికి ఇంకోలా చూపించి పరీక్షించే పద్ధతి ఉంది కదా, దాంతో ఒకే ఇంట్లో భార్యాభర్తల ఫోన్లలో రెండు రకాల స్క్రీన్లు వస్తాయి. ఆయన నేర్చుకున్నది ఆవిడకి చెప్పలేడు. అక్షరాల సైజు పెంచుకున్నవాళ్ళని అలాంటి పరీక్షల్లోంచి తప్పించమని మీ టీముని అడగండి, ప్రోగ్రామరుకి అది కష్టమైన పని కాదు. మార్చక తప్పనప్పుడు పాత బటన్ ఉన్నచోటే కొన్ని నెలలు "ఇది ఇప్పుడు కింద ఉంది" అని బాణంతో చూపించండి. ఆ చోట నొక్కినా పని జరగనివ్వండి. మార్పు వచ్చే ముందు వారం మెసేజి పంపండి, వాళ్ళతో పాటు వాళ్ళకి సాయం చేసే పిల్లలకి కూడా, కొత్త మెట్లు ఒక పేజీలో రాసి.